హార్వీ కుషింగ్: మెదడు కణితుల శస్త్రచికిత్సలో నమోదు సంప్రదాయం

ఉపోద్ఘాతం

ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్లలో మెదడు కణితికి శస్త్రచికిత్స అంటే రోగి ప్రాణాన్ని పణంగా పెట్టడమే. కణితి ఉన్న చోటును ముందుగా చూపే సాధనాలు దాదాపు లేవు. కపాలం తెరిచాక రక్తస్రావాన్ని ఆపే మార్గాలూ పరిమితమే. అటువంటి చికిత్సను ప్రత్యేక వైద్యశాఖగా నిలబెట్టినవారిలో అమెరికన్ శస్త్రవైద్యుడు హార్వీ కుషింగ్ (1869-1939) అగ్రగణ్యులు. ఆయన హస్తనైపుణ్యం సుప్రసిద్ధం. ఆ నైపుణ్యాన్ని ఇతరులు పరీక్షించి నేర్చుకోగల విజ్ఞానంగా మార్చినది మాత్రం ఆయన నమోదు పద్ధతి. మరణాలనూ లెక్కలో చేర్చిన ఆ పద్ధతి రూపుదిద్దుకున్న తీరును పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

1. మత్తు పట్టిక, రక్తపోటు కొలత

క్లీవ్‌లాండ్‌లోని వైద్యుల కుటుంబంలో జన్మించిన కుషింగ్ యేల్‌లో పట్టభద్రులై, 1895లో హార్వర్డ్ నుంచి వైద్య పట్టా పొందారు. ఆ రోజుల్లో శస్త్రచికిత్సకు ముందు మత్తు ఇచ్చే పనిని తగిన శిక్షణ లేని విద్యార్థులకే అప్పగించేవారు. విద్యార్థి దశలో కుషింగ్ ఈథర్ ఇస్తుండగా ఒక రోగి మరణించడం ఆయనను తీవ్రంగా కలచివేసింది. తరువాత, 1894లో, సహాధ్యాయి ఎర్నెస్ట్ కాడ్‌మన్‌తో కలిసి, మత్తులో ఉన్న రోగి నాడిని, శ్వాసను క్రమవ్యవధుల్లో రాసిపెట్టే పట్టికను ఆయన ప్రవేశపెట్టారు. ప్రమాదం ముంచుకు రాకముందే దాని సూచనలు కాగితంపై కనబడాలన్నది ఇందులోని ఆలోచన.

1896లో జాన్స్ హాప్కిన్స్‌లో విలియం హాల్‌స్టెడ్ వద్ద చేరిన కుషింగ్, కణజాలానికి గాయం కాకుండా నిదానంగా శస్త్రచికిత్స చేసే పద్ధతిని అలవరచుకున్నారు. 1900-01లో ఐరోపాలో పర్యటించారు. కపాలంలో ఒత్తిడి పెరిగితే రక్తపోటు కూడా పెరుగుతుందని బెర్న్‌లో థియోడర్ కోకర్ వద్ద చేసిన ప్రయోగాల్లో నిరూపించారు. ఇటలీలోని పావియాలో చూసిన రీవా-రోచీ రక్తపోటు సాధనాన్ని బాల్టిమోర్‌కు తెచ్చి, ఆ కొలతను కూడా మత్తు పట్టికలో చేర్చారు.

2. నిర్ధారిత కణితుల లెక్క

1912లో పీయూషగ్రంథి వ్యాధులపై గ్రంథం ప్రకటించిన కుషింగ్, అదే ఏడాది బోస్టన్‌కు మారి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో శస్త్రవైద్య విభాగాన్ని చేపట్టారు. తొలగించిన కణజాలం, శవపరీక్షలో సేకరించిన మెదడు, రోగి ఛాయాచిత్రాలు, శస్త్రచికిత్స రేఖాచిత్రాలు, రోగులతో సాగిన ఉత్తరప్రత్యుత్తరాలు అక్కడ భద్రమయ్యాయి. ఈ భాండారాన్ని, మరణాల లెక్కను లూయీస్ ఐసెన్‌హార్ట్ నిర్వహించారు. కణజాల పరీక్షలో నిర్ధారణ అయిన కణితులకే కుషింగ్ ప్రధాన గణనలో చోటిచ్చారు.

ఈ నియమం ఫలితమిచ్చింది. పర్సివల్ బెయిలీతో కలిసి 1926లో ప్రకటించిన గ్లయోమాల వర్గీకరణలో కణాల స్వరూపాన్ని రోగులు జీవించిన కాలంతో పోల్చి చూశారు. అప్పటివరకు ఒకే పేరుతో చలామణీ అయిన కణితుల్లో కొన్ని త్వరగా ప్రాణం తీస్తాయనీ, కొన్ని ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరుగుతాయనీ తేలింది. రోగి కుటుంబానికి వైద్యుడు చెప్పే మాటకు కొంత ఆధారం దొరికింది.

3. సాధనాలు, పరిమితులు

రక్తనాళాలను బిగించే వెండి క్లిప్పులను కుషింగ్ 1911లో ప్రకటించారు. 1926 అక్టోబరు 1న భౌతికశాస్త్రజ్ఞుడు విలియం బోవీ రూపొందించిన విద్యుత్ సాధనాన్ని తొలిసారి వాడారు. రక్తస్రావం వల్ల కొద్దిరోజుల ముందు అర్ధాంతరంగా ఆపిన శస్త్రచికిత్సను దానితో పూర్తిచేశారు. గతంలో తొలగించలేక వదిలిన కణితులున్న రోగులను మళ్లీ పిలిపించారు.

అయినా పరాజయాలు తప్పలేదు. 1910లో కుషింగ్ చేసిన శస్త్రచికిత్సతో కోలుకుని ఉన్నత పదవులు నిర్వహించిన జనరల్ లెనార్డ్ వుడ్‌కు కణితి తిరిగి పెరిగింది. 1927లో కుషింగే మళ్లీ శస్త్రచికిత్స చేయగా, ఆ వెంటనే ఆయన మరణించారు.

1931 ఏప్రిల్ 15న నిర్ధారిత కణితుల సంఖ్య 2,000కు చేరింది. మరుసటి ఏడు ప్రకటించిన గ్రంథం శీర్షికలోనే 'శస్త్రచికిత్సా మరణాల శాతాలు' అన్న అంశం చోటుచేసుకోవడం గమనార్హం. 1926-27లో ఆయన వద్ద పనిచేసిన హ్యూ కెయిర్న్స్, ఆ ఏడాది రోగుల స్థితిగతులను తొమ్మిదేళ్ల తరువాత ఆరా తీసి 1936లో ప్రచురించారు. గురువు ఫలితాలను శిష్యుడు తిరిగి పరీక్షించగలిగాడంటే అందుకు ఆధారం ఆ నమోదులే.

ముగింపు

కుషింగ్ భాండారం తరువాత యేల్‌కు చేరింది. అక్కడ 2010లో కుషింగ్ కేంద్రం ప్రారంభమైంది. సీసాల్లోని మెదళ్లు, ఫలకాలపై ఉన్న ముఖాలు వైద్య విజయానికి మాత్రమే సాక్ష్యాలు కావు. చికిత్స ఇంకా రూపుదిద్దుకుంటున్న రోజుల్లో ప్రాణాలొడ్డిన మనుషుల ఆనవాళ్లు కూడా అవే. తమ దేహాల వినియోగంపై వారి సమ్మతి ఎంతవరకు ఉన్నదన్న ప్రశ్నను చరిత్రకారులు పక్కన పెట్టలేరు. 1939లో కుషింగ్ మరణించాక జరిగిన శవపరీక్షలో ఆయన మెదడులోనూ ఒక చిన్న కొల్లాయిడ్ తిత్తి కనబడింది. జీవితమంతా ఇతరుల విషయంలో పాటించిన పరీక్షా నియమం చివరకు ఆయనకూ వర్తించింది. మరణాన్ని కూడా జ్ఞానంలో భాగంగా నమోదు చేయడమే నాడీశస్త్రవైద్యానికి ఆయన అందించిన స్థిరమైన వారసత్వం.