బ్రేక్ వేస్తే కారు వణుకుతోందా.. పక్కకు లాగుతోందా? లక్షణాన్ని బట్టి లోపం ఎక్కడుందో పట్టేయండి!

కారు బ్రేకులు చాలావరకు చెప్పాపెట్టకుండా ఫెయిల్ కావు. ముందుగా శబ్దంతోనో, వణుకుతోనో, పెడల్ తీరు మారడంతోనో హెచ్చరిస్తాయి. స్పీడు తగ్గించేటప్పుడు కాస్త గమనిస్తే లోపం ఎక్కడుందో అంచనాకు రావొచ్చు. మెకానిక్‌కి కూడా సరిగ్గా చెప్పొచ్చు.

కీచుమని శబ్దం వస్తుంటే..
రాత్రి వానకు తడిసిన కారు ఉదయం కీచుమంటే కంగారు వద్దు. డిస్క్‌పై పట్టిన పల్చటి తుప్పు నాలుగైదు సార్లు బ్రేక్ వేస్తే పోతుంది. రోజూ వస్తుంటే మాత్రం ప్యాడ్లు అరిగాయేమో చూపించాలి. ప్యాడ్ మందం 3 మిల్లీమీటర్లకు తగ్గితే మార్చేయడం మంచిది. గరగరమని ఇనుము రాసుకున్నట్టు వినిపిస్తే ప్యాడ్ పూర్తిగా అయిపోయినట్టే. అలాగే నడిపితే డిస్క్ కూడా పాడవుతుంది.

స్టీరింగ్ వణికితే..
బ్రేక్ వేసినప్పుడే వణికితే ముందు డిస్క్‌లు సమంగా లేవని అనుమానించాలి. బ్రేక్ వేయకపోయినా వణుకుతుంటే వీల్ బ్యాలెన్సింగ్ చూపించాలి. సడన్ బ్రేక్ వేసినప్పుడు పెడల్ కాలి కింద టకటకా కొట్టుకుంటే అది లోపం కాదు.. ఏబీఎస్ పనిచేస్తోందని అర్థం. అప్పుడు కాలు తీయొద్దు.

ఓ పక్కకు లాగితే..
ముందు టైర్లలో గాలి చెక్ చేయండి. సమానంగా ఉన్నా లాగుతుంటే ఓ వైపు క్యాలిపర్ పట్టేసి ఉండొచ్చు. ఒక చక్రం దగ్గరే వేడి ఎక్కువగా ఉంటే అనుమానం బలపడినట్టే. డిస్క్‌ని మాత్రం చేత్తో ముట్టుకోవద్దు.

పెడల్ మెత్తబడినా, బిగుసుకున్నా..
పెడల్ స్పాంజిలా మెత్తగా ఉంటే బ్రేక్ లైన్లలో గాలి చేరి ఉండొచ్చు. నొక్కి పట్టుకుంటే మెల్లగా కిందికి దిగిపోతుంటే ఆయిల్ లీక్ లేదా మాస్టర్ సిలిండర్ లోపం. ఆ కారు రోడ్డెక్కకూడదు. పెడల్ రాయిలా గట్టిగా ఉంటే బూస్టర్‌ని ఇలా చెక్ చేయండి. ఇంజిన్ ఆపి నాలుగైదు సార్లు పెడల్ నొక్కి, కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కొద్దిగా కిందికి దిగాలి. దిగకపోతే బూస్టర్‌లోనో, దాని వ్యాక్యూమ్ పైపులోనో సమస్య ఉన్నట్టు.

ఘాట్ రోడ్డులో జాగ్రత్త!
తిరుమల, శ్రీశైలం ఘాట్‌లు దిగేటప్పుడు బ్రేక్ మీదే కాలు పెట్టి నడిపితే ప్యాడ్లు విపరీతంగా వేడెక్కి పట్టు కోల్పోతాయి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగదు. తేమ చేరితే అది 155 డిగ్రీల దాకా పడిపోవచ్చు. ఆయిల్ మరిగితే పెడల్ నొక్కినా బ్రేక్ పడదు. అందుకే సాధారణంగా రెండేళ్లకోసారి ఆయిల్ మార్చాలి. తక్కువ గేరులోనే దిగాలి. పెట్రోల్ కలిసొస్తుందని ఇంజిన్ ఆపడం, న్యూట్రల్ చేయడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. కాలిన వాసన వస్తే సురక్షితమైన చోట ఆపి చల్లారనివ్వండి. నీళ్లు పోయొద్దు.

బ్రేక్ పడకపోతే..
పెడల్‌ని టకటకా పంప్ చేయండి. ఒక్కో గేరు తగ్గిస్తూ రండి. హ్యాండ్ బ్రేక్‌ని ఒక్కసారిగా కాకుండా మెల్లమెల్లగా లాగండి. హజార్డ్ లైట్లు వేసి, హారన్ కొడుతూ పక్కకు తీయండి. హ్యాండ్ బ్రేక్ దించాక కూడా డ్యాష్‌బోర్డుపై ఎర్ర బ్రేక్ లైటు వెలుగుతుంటే ప్రయాణం అక్కడితో ఆపి మెకానిక్‌ని పిలవండి.