ఆకాశంలో పాఠం అప్పజెప్పడం

పూర్వం మన వీధిబడులలో పంతులుగారు పాఠం చెప్పి ఊరుకొనేవారు కారు. చెప్పిన పాఠాన్ని పిల్లవాడు మరునాడు అప్పజెప్పవలసిందే. "అర్థమైనదా?" అని అడిగితే ఎవడైనా "అయిందండీ" అంటాడు. అప్పజెప్పినప్పుడే ఏది చెవిలో పడినదీ, ఏది పడనిదీ తేలుతుంది. ఈనాడు చిన్న విమానాన్ని ఒంటరిగా నడిపే చోదకుడు సైతం ఈ వీధిబడి పద్ధతినే పాటిస్తున్నాడు. "రన్‌వేకు ఇవతలే ఆగండి" అని నియంత్రణ గోపురం నుండి రేడియోలో ఆదేశం వస్తే అతడు "సరే" అని ఊరుకొనకూడదు. ఆ ఆదేశాన్ని తన విమానం పేరుతో సహా తిరిగి చెప్పాలి. ఈ చిన్న నియమం వెనుక పెద్ద చరిత్ర ఉన్నది.

మాట లేని రోజులు

విమానం నుండి నిస్తంత్రి వార్త మొట్టమొదట వెలువడినది 1910 ఆగస్టు 27న. అమెరికాలోని న్యూయార్కు దగ్గర మెకర్డీ అనే కెనడా చోదకుడు, విమానం నడుపుతూనే మీట నొక్కి మోర్సు సంకేతాలను పంపాడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో మానవ స్వరాన్ని కూడా పంపగలిగారు. అయినా ఆనాటి యంత్రాలు బరువైనవి. చిన్న విమానాలు వాటిని మోయలేవు. అందుచేత సొంత విమానాలు నడిపేవారు చాలాకాలం మూగగానే ఎగిరారు. మన దేశంలో 1932 అక్టోబరు 15న జె. ఆర్. డి. టాటా కరాచీ నుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి తపాలా సంచులతో వచ్చిన 'పస్ మాత్' అనే చిన్న విమానంలో రేడియో లేనే లేదు.

విమానాలు పెరిగేకొద్దీ ఎవరు ముందు దిగాలో చెప్పవలసిన అవసరం ఏర్పడినది. 1929లో అమెరికాలోని సెయింట్ లూయిస్ విమానాశ్రయంలో ఆర్చీ లీగ్ అనే ఆయన మైదానంలో కుర్చీ వేసుకొని, ఎండకు గొడుగు పెట్టుకొని, రెండు జెండాలతో ఈ పని చేసేవాడు. గళ్ళజెండా ఊపితే కదలవచ్చునని, ఎర్రజెండా చూపితే ఆగవలెనని అర్థం. తరువాత రంగు దీపాలు వచ్చినవి. రేడియో చెడిపోయిన విమానానికి ఈనాటికీ గోపురం నుండి నిలకడైన ఆకుపచ్చ వెలుగు చూపితే "దిగవచ్చును" అనీ, నిలకడైన ఎర్ర వెలుగు చూపితే "ఇంకొకరికి దారి ఇచ్చి, చుట్టూ తిరుగుతూ ఉండుము" అనీ భావం.

కాని జెండాలోను, దీపంలోను ఒక పెద్ద లోపం ఉన్నది. చోదకుడు అటు చూస్తేనే అవి పనికివస్తాయి. మంచు కమ్మితే కనిపించవు. పైగా చోదకుడు తిరిగి ప్రశ్న వేయలేడు.

మాట పుట్టినది

లండను సమీపంలోని క్రాయ్‌డన్ విమానాశ్రయంలో 1920లో నియంత్రణ గోపురం వెలసినది. లండను, పారిస్ నగరాల మధ్య తిరిగే చోదకులు అక్కడివారితో రేడియో టెలిఫోనులో మాట్లాడసాగారు. ఆపదలో ఉన్నవాడు ఏమని పిలవాలి అనే ప్రశ్న అక్కడనే పుట్టినది. ఓడలు వాడే 'ఎస్. ఓ. ఎస్.' మోర్సులో స్పష్టంగా ఉంటుంది. కాని గరగరలాడే టెలిఫోనులో 'ఎస్' అనే అక్షరం సరిగా వినబడదు. క్రాయ్‌డన్ రేడియో అధికారి మాక్‌ఫర్డ్ 'మేడే' అనే పిలుపును సూచించాడు. ఫ్రెంచి భాషలో 'నాకు సాయం చేయండి' అనే మాటకు ఇది దగ్గరి ధ్వని. ఇటు ఆంగ్లేయునికీ, అటు ఫ్రెంచివానికీ తెలుస్తుంది. 1927లో వాషింగ్టనులో జరిగిన అంతర్జాతీయ సమావేశం దీనిని అంగీకరించినది.

అమెరికాలో 1930లో క్లీవ్‌లండ్ విమానాశ్రయ గోపురానికి రేడియో అమర్చారు. 1935 డిసెంబరులో నెవార్క్‌లో విమాన మార్గాలను కనిపెట్టే కేంద్రం వెలసినది. అయితే ఆ కేంద్రంలోనివారు చోదకులతో నేరుగా మాట్లాడేవారు కారు. కంపెనీ రేడియో ఉద్యోగికి టెలిఫోను చేస్తే, అతడు చోదకునికి చెప్పేవాడు. ఒక మాట ముగ్గురి నోళ్ళు మారేది.

వినిపించినా విననట్లే

అప్పట్లో సొంత విమానాల చోదకులు అమెరికాలో 3105 కిలోసైకిళ్ళ వద్ద మాట్లాడేవారు. గోపురం జవాబు మాత్రం 278 కిలోసైకిళ్ళ వద్ద వచ్చేది. అనగా నోరు ఒక తరంగం మీద, చెవి ఇంకొక తరంగం మీద ఉండేవి. పంపే పరికరం పనిచేసినంత మాత్రాన వినే పరికరం పనిచేస్తుందన్న హామీ లేదు.

దీనికి విషాదకరమైన ఉదాహరణ అమీలియా ఇయర్‌హార్ట్. ఈ ప్రసిద్ధ చోదకురాలు 1937 జూలై 2న న్యూగినీలోని లే నుండి పసిఫిక్ మహాసముద్రం నడుమ ఉన్న హౌలండ్ దీవికి బయలుదేరింది. దూరం సుమారు 4,100 కిలోమీటర్లు. దీవి వద్ద 'ఇటాస్కా' అనే ఓడ ఆమె కోసం కాచుకొని ఉన్నది. రాత్రి 3105 మీద, పగలు 6210 మీద మాట్లాడాలని ఆమె ఏర్పాటు. ఆమె గొంతు ఓడకు బిగ్గరగా వినబడింది. ఓడలోనివారి మాట మాత్రం ఆమెకు చేరలేదు. వారు పంపిన మోర్సు సంకేతాలు ఒకమారు వినబడినా, అవి ఏ దిక్కు నుండి వస్తున్నవో ఆమె నిర్ణయించలేకపోయింది. ఆ విమానం మరి కానరాలేదు.

తరంగాల గుణం

రెండవ ప్రపంచయుద్ధం తరువాత విమానయానానికి అత్యున్నత పౌనఃపున్య తరంగాలు వాడుకలోకి వచ్చినవి. ఈనాడు ఈ సంభాషణ 118 నుండి 137 మెగాహెర్ట్జ్‌ల మధ్య సాగుతున్నది. వీటిలో గరగర తక్కువ. కాని ఇవి ఇంచుమించు సరళరేఖలో పోతాయి. భూమి వంపు వీటికి అడ్డువస్తుంది. విమానం ఎత్తును మీటర్లలో తీసుకొని, దాని వర్గమూలాన్ని సుమారు 4.1తో గుణిస్తే, ఎంత దూరం వినబడునో కిలోమీటర్లలో తెలుస్తుంది. 900 మీటర్ల ఎత్తున ఉన్న చిన్న విమానం మాట సుమారు 123 కిలోమీటర్ల వరకు పోగలదు.

ఇందులో వాడేది కంపనపరిమితి మాడ్యులేషను. ఇది పాతది, అయినా విడిచిపెట్టలేదు. పౌనఃపున్య మాడ్యులేషనులో ఇద్దరు ఒకేమారు మాట్లాడితే, బలమైన సంకేతం బలహీనమైన దానిని పూర్తిగా మింగివేస్తుంది. రెండవవాడు ఉన్నాడనే సంగతే తెలియదు. కంపనపరిమితి మాడ్యులేషనులో అయితే కొద్ది తేడాగల రెండు వాహక తరంగాలు కలిసి, మనం ధ్వనిశాస్త్రంలో చదివే విస్పందనాల వలెనే ఒక కీచుధ్వనిని పుట్టిస్తాయి. మాట అర్థం కాకపోయినా "ఇద్దరు మాట్లాడారు" అని వినేవానికి తెలుస్తుంది.

అక్షరాలకు పేర్లు

తెలుగులో గోల మధ్య 'ఎనిమిది' అంటే 'తొమ్మిది' అని వినబడవచ్చును. రెండింటి తోకా ఒక్కటే. ఇంగ్లీషులో బీ, సీ, డీ, ఈ, పీ, టీ అనే అక్షరాలకు ఇదే చిక్కు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పలు దేశాల వారి చేత పలికించి, వినిపించి పరీక్షించి, ఒక్కొక్క అక్షరానికి ఒక పేరు నిర్ణయించినది. 1956 మార్చి 1న అమలులోకి వచ్చిన ఆ పట్టికయే అల్ఫా, బ్రావో, చార్లీ, డెల్టా మొదలైనది. అంకెలలో 'ఫైవ్', 'నైన్' కలగాపులగం కాకుండా 'ఫైఫ్' అనీ, 'నైనర్' అనీ పలకడం నియమమైనది.

నాలుగు క్షణాల కీచుధ్వని

ఇంత చేసినా మరొక గుణపాఠం మిగిలి ఉన్నది. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరీఫ్ దీవిలో, పొగమంచులో, రెండు బోయింగ్ 747 విమానాలు ఒకే రన్‌వే మీద ఉన్నవి. పొరుగు దీవి విమానాశ్రయంలో బాంబు పేలడంతో అనేక విమానాలను ఇక్కడకు మళ్ళించారు. డచ్చి విమానం రన్‌వే కొసన నిలిచి ఉన్నది. అమెరికా విమానం అదే రన్‌వే మీద మెల్లగా నడుస్తున్నది.

పైకి లేచిన తరువాత ఏ దారిన పోవాలో నియంత్రకుడు డచ్చివారికి చెప్పాడు. లేవడానికి అనుమతి ఇవ్వలేదు. డచ్చి సహచోదకుడు ఆ దారిని సక్రమంగానే అప్పజెప్పాడు. కాని చివర "ఇప్పుడు టేకాఫ్ వద్ద ఉన్నాము" అనే భావంగల మాట చేర్చాడు. సిద్ధంగా నిలిచి ఉన్నామని నియంత్రకుడు గ్రహించాడు. నిజానికి విమానం పరుగు మొదలుపెట్టినది. ఆయన ముందు "ఓకే" అన్నాడు. వెంటనే "ఆగండి, నేను పిలుస్తాను" అన్నాడు. సరిగా అదే క్షణంలో అమెరికా చోదకుడు తాము ఇంకా రన్‌వే మీదనే ఉన్నామని చెప్పాడు. రెండు మాటలూ కలిసి, డచ్చి విమానంలో సుమారు నాలుగు సెకన్ల కీచుధ్వని అయినవి. స్పష్టంగా వినబడినది "ఓకే" ఒక్కటే. ఆ ప్రమాదంలో 583 మంది మరణించారు.

కీచుధ్వని హెచ్చరిక ఇచ్చినా దానిని ఎవరూ పట్టించుకొనలేదు. పాఠం అప్పజెప్పినా, సందేహం కలిగించే మాటను ఎవరూ ఆపి అడగలేదు. ఆ తరువాత 'టేకాఫ్' అనే మాటను, లేవడానికి నిజంగా అనుమతి ఇచ్చేటప్పుడో, ఆ అనుమతిని రద్దు చేసేటప్పుడో తప్ప వాడరాదని నియమం చేశారు. తక్కిన సందర్భాలలో 'డిపార్చర్' అనాలి. ముఖ్యమైన ఆదేశాలకు ఉత్త "ఓకే" చెల్లదు. నియంత్రకుడు కూడా చోదకుడు అప్పజెప్పినదానిని శ్రద్ధగా విని, తప్పుంటే అక్కడికక్కడే దిద్దాలి.

మన దేశంలో 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద రెండు విమానాలు ఢీకొని 349 మంది మరణించారు. 15,000 అడుగుల వద్ద ఉండవలసిన కజక్ విమానం అంతకంటె దిగువకు దిగినది. ఆ విమానంలో భూమితో మాట్లాడేవాడు వేరు, విమానం నడిపేవారు వేరు. చోదకులకు ఇంగ్లీషు బాగా తెలియకపోవడం కూడా చర్చకు వచ్చినది. ఇటువంటి అనుభవాల ఫలితంగా 2008 మార్చి నుండి అంతర్జాతీయ చోదకులకు, నియంత్రకులకు భాషా సామర్థ్య పరీక్ష అమలులోకి వచ్చినది.

ఈ నియమాలలో పెద్ద విమానానికి ఒకటి, చిన్న విమానానికి ఒకటి అని లేదు. ఒకే తరంగం మీద మూడు వందల మందిని మోసే విమానమూ, పాఠాలు నేర్చుకొనే విద్యార్థి విమానమూ మాట్లాడుతుంటాయి. విద్యార్థి పొరపాటున మీట నొక్కి ఉంచితే అందరి మాటా ఆగిపోతుంది.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో పరీక్షించవచ్చును. ఇద్దరు విద్యార్థులను ఆటస్థలంలో దూరదూరంగా, పెడమొగంగా నిలబెట్టండి. తక్కినవారు గోల చేస్తూ ఉండగా ఒకడు పది సంఖ్యలు చదవాలి, రెండవవాడు వ్రాసుకోవాలి. పిమ్మట వేరొక పది సంఖ్యలు చదివించి, ఒక్కొక్కదానిని తిరిగి చెప్పించి, మొదటివాని చేత దిద్దించండి. రెండు చీటీలలో తప్పులు లెక్కపెట్టండి. మాట పంపడం రేడియో పని. ఆ మాట చేరినదో లేదో తెలుసుకోవడం మాత్రం ఈనాటికీ మనిషి పనియే.