కౌలుదారు సందుగ

వారసత్వ వస్తువులనగానే గడీలోని కత్తులు, సన్నదులు మనకు గుర్తుకొస్తాయి. అలియాబాద్ వంటి గ్రామాల చరిత్రను నేను కౌలుదారు సందుగలో వెదకమంటాను. ఉర్దూలో వ్రాసిన రశీదు ఒక్కటి దొరికినా చాలు. దానిమీది ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే సుమారుగా క్రీస్తుశకం తెలుస్తుంది.

హైదరాబాదు చుట్టూ ఉన్న అత్రాఫ్ బల్దా నిజాం సొంత ఆస్తి, సర్ఫేఖాస్. 1949లో అది ప్రభుత్వంలో కలిసింది. ఆ ఏడే జాగీర్లూ రద్దయ్యాయి. 1950 కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారును గుర్తించింది.

కాని చాలా సందుగల్లో రశీదే ఉండదు. రశీదిస్తే హక్కు పుడుతుందని భూస్వామికి తెలుసు. ఆ లేమి కూడా చరిత్రే. నగరం ముంచుకొచ్చి భూమి బంగారమైన నేడు, చదువురాని తాత దాచిన కాగితాన్ని చదివిపెట్టవలసిన బాధ్యత చదువుకున్న మనది.