సాఫ్ట్‌వేరు పరీక్షక బృందములు: పనిభార నిర్వహణ చరిత్ర

కంప్యూటరు యుగారంభమున ప్రోగ్రామును వ్రాసినవారే దానిని సరిచూచుకొనుట ఆచారముగా నుండెను. దోషమును దిద్దుటకును, దోషము కలదో లేదో పరీక్షించుటకును గల భేదమును 1957లో చార్లెస్ బేకర్ స్పష్టపఱచిన పిమ్మటనే పరీక్షణము ప్రత్యేక కార్యముగా గుర్తింపబడ నారంభించినది. 1950ల చివర అమెరికావారి వ్యోమయాత్రా ప్రయత్నమగు ప్రాజెక్టు మెర్క్యురీ కొఱకు ఐ.బి.ఎం. సంస్థలో జెరాల్డ్ వైన్‌బర్గ్ నేతృత్వమున ప్రత్యేక పరీక్షక బృంద మేర్పడెను. ప్రోగ్రామును దానిని వ్రాసినవాడే పరీక్షించుట తగదని గ్లెన్‌ఫర్డ్ మైయర్స్ 1979లో తన గ్రంథమున వాదించిన తరువాత, ఇట్టి బృందములు సర్వత్ర వెలసినవి.

ఈ వృత్తికి పుట్టుకతోనే ఒక చిక్కు సంక్రమించినది. 1847–52 మధ్య గోదావరిపై నిర్మితమైన ధవళేశ్వరము ఆనకట్ట క్రింది కాలువలలో శివారు ఆయకట్టు రైతునకు, ఎగువవారు వాడుకొనగా మిగిలిన నీరే ప్రాప్తించునట్లు, అవసరముల సేకరణము, రూపకల్పన, కోడింగు అను మజిలీలు తమ గడువులను దాటి కాలమును హరింపగా మిగిలిన దినములే పరీక్షకునకు దక్కును. విడుదల తేదీ మాత్రము కదలదు. బృందమున మనుష్యులను పెంచుటయే దీనికి నిర్వాహకులు మొదట తలచిన ఉపాయము. ఆలస్యమైన పనికి మనుష్యులను చేర్చినచో అది మఱింత ఆలస్యమగునని, ఐ.బి.ఎం. వారి ఓఎస్/360 అను కంప్యూటరు నిర్వహణ వ్యవస్థ నిర్మాణమును నడపిన ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లోనే హెచ్చరించెను. క్రొత్తవారికి పని నేర్పుటయు పాతవారి నెత్తినే పడును గదా! అయినను ఈ ఉపాయము నేటికిని మానబడలేదు.

ఆంధ్రదేశమున ఈ వృత్తి పెద్దయెత్తున ప్రవేశించుటకు కారణము 2000 సంవత్సరపు తేదీ సమస్య. భీమవరమున జన్మించిన బైర్రాజు రామలింగరాజు 1987లో సికింద్రాబాదు–హైదరాబాదు జంటనగరములందు స్థాపించిన సత్యం కంప్యూటర్స్ మున్నగు సంస్థలు, సంవత్సరమును రెండంకెలతోనే గుర్తించిన పాశ్చాత్యుల ప్రోగ్రాములను దిద్దు పనిని చేపట్టినవి. దిద్దుటకంటె సరిచూచుటయే బరువైన పని: యంత్రపు గడియారమును 1999 డిసెంబరు 31 రాత్రికి త్రిప్పి, అర్ధరాత్రి దాటగానే వడ్డీ లెక్క ఎట్లు మాఱునో చూచి, నాలుగు వందలచే భాగింపబడు వత్సరమగుటచే 2000లో ఫిబ్రవరి 29 ఉన్నదని ప్రోగ్రాము ఎఱుగునో లేదో మరల పరీక్షింపవలసి వచ్చెను. 1998లో సైబర్ టవర్స్ అను సాఫ్ట్‌వేరు కార్యాలయ భవనము ప్రారంభమగు నాటికి, 1946లో స్థాపితమై పిమ్మట కాకినాడకు తరలిన ఇంజనీరింగు కళాశాలనుండియు, 1980లో వెలసిన భీమవరము ఎస్.ఆర్.కె.ఆర్. కళాశాలనుండియు పట్టభద్రులు హైదరాబాదునకు పయనమగుట పరిపాటియైనది. అమీర్‌పేట శిక్షణాలయములలో మాన్యువల్ టెస్టింగును, విన్‌రన్నర్ అను పరీక్షా సాధనమును నేర్చి ఉద్యోగములు పొందినవారు అనేకులు.

పనిభారమును కొలుచుటయే ఈ శాస్త్రమున కఠినభాగము. ఆఱువందల టెస్ట్ కేసులున్నవనియు, పరీక్షకు లైదుగురనియు, ఒక్కొక్కరు దినమున కిరువది చూడగలరనియు అనుకొందము. లెక్క ప్రకార మాఱు దినములు చాలును. కాని కనుగొన్న బగ్గును, అనగా దోషమును, స్క్రీన్‌షాటుతో నమోదు చేయుట, అది తన యంత్రమున కనబడుటలేదని వాదించు డెవలపరునకు చూపుట, దిద్దివచ్చినదానిని మరల పరీక్షించుట, ఆ దిద్దుబాటు వలన వేఱొకచోట చెడలేదని నిర్ధారించు రిగ్రెషన్, సర్వరు నిలిచిన గంటలు, ఇవి యన్నియు ఆ లెక్కలో లేవు. ఇవియు ఇముడునట్లు తొమ్మిది దినములడుగక ఆఱింటికే సమ్మతించు బృందనాయకుడగు లీడు తన బృందమును శనివారములకు తాకట్టు పెట్టినట్లే. సమర్థుడైనవాడు కాలము చాలనపుడు దేనిని పరీక్షింపక విడువవచ్చునో ముందుగా వ్రాతపూర్వకముగా ఒప్పించుకొనును: బ్యాంకు ప్రోగ్రామున సొమ్ము బదిలీ ముందు, సహాయపు పుటల రంగు చివర. బగ్గుల వర్గీకరణమును ఇట్టిదే. మొదటి తెరపై బ్యాంకు పేరు తప్పుగా వ్రాయబడినచో లెక్కలకు హాని లేకున్నను తక్షణమే దిద్దవలెను, కాన తీవ్రతను ప్రాధాన్యమును వేఱువేఱుగా గుర్తించుట అలవాటైనది. పట్టిన బగ్గుల సంఖ్యనుబట్టి పరీక్షకుని యోగ్యతను నిర్ణయించుట మాత్రము దురాచారమే. దాని వలన స్వల్పదోషములు కుప్పలుగా నమోదగును.

పరీక్షణమునే ఏకైక వ్యాపారముగా గైకొన్న సంస్థలు ఈ భారమును మఱియొక రీతిని సర్దినవి. 2001లో శశిరెడ్డి స్థాపించి, హైదరాబాదు ప్రధానకార్యక్షేత్రముగా నడపిన యాప్‌ల్యాబ్స్, 2005లో అమెరికాకు చెందిన కీల్యాబ్స్‌ను, 2006లో బ్రిటనుకు చెందిన ఐఎస్ ఇంటిగ్రేషన్‌ను కలుపుకొని, 2011లో సి.ఎస్.సి. సంస్థలో లీనమయ్యెను. ఒక ఖాతాదారునకు విడుదల సమయమైనపుడు మఱియొకనికి విరామము గలుగును గావున, అనేకుల పని ఒకచోట చేరినయెడల హెచ్చుతగ్గులు కొంత తీరును. బెంచిపై ఊరక కూర్చుండువారి సంఖ్యయు తగ్గును. ఇట్టి మఱియొక పెద్ద పరీక్షణ సంస్థ యగు సిగ్నిటి 2024లో కోఫోర్జ్ వశమైనది.

పనిని గోదావరి గ్రామములకే చేర్చు యత్నమును జరిగినది. 2001లో వెలసిన బైర్రాజు ఫౌండేషన్ ‘గ్రామ్‌ఐటీ’ పేర పశ్చిమగోదావరిలోని జల్లికాకినాడ వంటి గ్రామములందు కేంద్రములు నెలకొల్పెను. అయితే అచ్చటి పని దత్తాంశముల నమోదు వంటిదే కాని పరీక్షణము కాదు. 2020లో కోవిడ్ వ్యాపించి కార్యాలయములు మూతపడగా, నగరములందలి పరీక్షకులు పలువురు కోనసీమ, భీమవరము ప్రాంతములలోని తమ ఇండ్లనుండియే పనిచేసిరి. ఇక యంత్రములు పంచుకొను భారమునకు వచ్చినచో, 2004లో జేసన్ హగ్గిన్స్ ఆరంభించిన సెలీనియం వంటి సాధనములచే రిగ్రెషన్ రాత్రివేళ తనంతట జరుగుచున్నది. ఉదయమున విఫలమైన స్క్రిప్టులలో ఏది నిజమైన బగ్గు, ఏది మాఱిన తెర వలన కలిగిన భ్రమ యని వేఱుచేయుట నేడు బృందము పనిగంటలలో క్రొత్తగా లెక్కకు చేరిన పద్దు.