రంగం గాలి

రంగూన్‌ని మన పెద్దలు 'రంగం' అనేవారు. 1989 నుంచి దాని అధికారిక నామం యాంగోన్. ఆ ఊరు వెళ్ళి కైట్ సర్ఫింగ్ చేయాలంటే ఏ నెల మంచిదని ఈ మధ్య లెక్క వేసి చూశాను. కాళ్ళకింద పలక, నడుముకి కట్టిన పెద్ద గాలిపటం, గాలి లాగుతుంటే నీళ్ళమీద జారిపోవడం - అదీ ఆట. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కూడా చేరింది.

మొదటి చిక్కు, యాంగోన్‌లో బీచ్ లేదు. అది నది ఒడ్డు రేవు. ఇసుక తీరం కావాలంటే పడమరగా బంగాళాఖాతం ఒడ్డున ఉన్న న్గ్వే సాంగ్ వెళ్ళాలి. రెండో చిక్కు గాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్యపు గాలి నేలమీంచి సముద్రంలోకి వీస్తుంది. తాడు తెగితే ఒడ్డుకి తిరిగి రావడం కష్టం. జూన్ నుంచి నైరుతి గాలి ఒడ్డుకే తోస్తుంది గాని, వెంట వానలూ, పెద్ద కెరటాలూ. మేలో తుపాను భయం. 2008 మే 2న వచ్చిన నర్గీస్ లక్షమందికి పైగా పొట్టన పెట్టుకుంది. ఇక మిగిలింది మార్చి, ఏప్రిల్ మధ్యాహ్నాల్లో నేల వేడెక్కాక వచ్చే సముద్రపు గాలి.

నేను ఫోన్‌లో చూసిన ఈ లెక్కనే కాకినాడ పక్క కోరంగిలో తెరచాప ఓడలవాళ్ళు ఆకాశం చూసి వేసేవారు. నైరుతి గాలికి రంగం వైపు, ఈశాన్యపు గాలికి ఇంటి వైపు. అక్కడ ఒడ్డునుంచి దూరంగా తోసే గాలే తూర్పుముఖంగా ఉన్న మన తీరానికి చేరుస్తుంది. 1839 తుపానులో కోరంగి రేవు తుడిచిపెట్టుకుపోయింది. కాని ఆ పేరు బర్మాలో నిలిచింది. అక్కడ తెలుగువాళ్ళని 'కోరంగీలు' అనేవారు.

ఆవిరి ఓడలు వచ్చాక గాలికోసం ఆగే పని లేకపోయింది. కాకినాడ, విశాఖ, భీమునిపట్నం రేవులనుంచి కూలీలు రంగం రేవుకీ, బియ్యపు మిల్లులకీ వెళ్ళారు. 1930 మేలో తెలుగు రేవు కూలీలు సమ్మె చేస్తే వాళ్ళ స్థానంలో బర్మీయుల్ని పెట్టుకున్నారు. సమ్మె ముగిసి మనవాళ్ళని తిరిగి పిలిచినప్పుడు అల్లర్లు చెలరేగి, ఎందరో కోరంగీలు చనిపోయారు. 1942లో జపాన్ సేనలు వచ్చినప్పుడు ఓడలో చోటు దొరకనివాళ్ళు అడవులగుండా నడిచారు. చాలామంది దారిలోనే పోయారు.

2021 సైనిక తిరుగుబాటు తరవాత అక్కడ అంతర్యుద్ధం ముదిరింది. నా లెక్క కాగితం మీదే ఉండిపోయింది. మన పిల్లలు ఏ బీచ్‌కి పటం పట్టుకెళ్ళినా ముందు గాలి దిక్కు చూసుకోమంటాం కదా. ఆ మాటతోబాటు కోరంగి సంగతి కూడా చెప్పండి. వాళ్ళకి అది ఆట కాదు, ఇల్లు చేరే దారి.