తెలుగు అపరాధ పరిశోధక నవలల్లో మంత్రగత్తె

మంత్రాలు తెలిసిన స్త్రీయే పరిశోధకురాలై హంతకుణ్ణి పట్టుకునే నవలలు ఇంగ్లీషులో 2000ల మధ్య నుంచి ఒక ప్రత్యేక శాఖగా ఎదిగాయి. తెలుగులో అలాంటి శాఖ ఏర్పడలేదు. దానికి కావలసిన సరంజామా మాత్రం మొదటి నుంచీ తెలుగువాళ్ల దగ్గర ఉంది. పోయిన సొమ్ము జాడ చెప్పే సోదెమ్మలు, మాయల ఫకీరు కథలు, విజయవాడ ప్రెస్సుల్లో అచ్చయిన డిటెక్టివ్ నవలలు, 1980లలో పాఠకులను ఊపేసిన క్షుద్రశక్తుల సీరియళ్లు కృష్ణా డెల్టాలో పక్కపక్కనే పెరిగాయి. ఇన్ని ఉన్నా తెలుగు కథలో మంత్రగత్తె నేరం చేసేదిగానో, నేరానికి బలయ్యేదిగానో మిగిలింది. తీగ లాగే పని డిటెక్టివ్‌దో, డాక్టరుదో, పోలీసు ఇన్‌స్పెక్టరుదో అయింది.

అంజనం, సోది

అచ్చు పుస్తకాలు రాకముందు పల్లెల్లో దొంగతనం జరిగితే పోలీసు స్టేషన్ కన్నా ముందు గుర్తొచ్చేది అంజనం. తమలపాకు మీదనో బొటనవేలి గోటి మీదనో కాటుక రాసి, చిన్నపిల్లవాణ్ణి కూర్చోబెట్టి, అందులోకి తదేకంగా చూడమంటారు. ముందు ఆంజనేయుడు కనపడతాడని, తరువాత దొంగ కనపడతాడని నమ్మకం. ఇంట్లో పనివాళ్ల మీద అనుమానం ఉంటే మంత్రించిన బియ్యం నమిలించే పద్ధతి కూడా ఉండేది. భయంతో నోరెండిపోయినవాడికి పిండి తడవదు, తప్పు చేసింది వాడే అని తేల్చేవారు. నిర్దోషికి మాత్రం భయం వేయదా అని అడిగినవాళ్లు లేకపోలేదు. అయినా ఈ రెండు పద్ధతుల్లోనూ పనిచేసింది మంత్రం కన్నా మనసు. ఫలానా రోజు అంజనం వేయిస్తున్నారన్న కబురు ఊళ్లో పొక్కితే చాలు, పోయిన గొలుసు తెల్లారేసరికి గడ్డివాము దగ్గర దొరికే వీలుంది. కథల్లో డిటెక్టివులు చివరి అధ్యాయంలో అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి చేసేది కూడా దాదాపు ఇదే.

సోది చెప్పడం ఎరుకల స్త్రీల వృత్తి. బుట్ట, కర్ర పట్టుకుని ఇంటింటికీ వచ్చి, చెయ్యి చూసి, మనిషి ముఖకవళికలు కనిపెట్టి, అడిగినదానికీ అడగనిదానికీ జవాబు చెప్పే ఎరుకలసాని తెలుగు యక్షగానాల్లోకి, కొరవంజి ప్రదర్శనల్లోకి పాత్రగా వెళ్లింది. ఇతరుల ఇళ్ల రహస్యాలు చదవగల ఈ స్త్రీ ఏ భాషలోనైనా సిద్ధంగా ఉన్న పరిశోధకురాలే. కానీ చట్టం ఆమెను మరో వైపు నిలబెట్టింది. నేరస్థ జాతుల చట్టం మద్రాసు ప్రెసిడెన్సీలో అమలయ్యాక ఎరుకలవారిపై పుట్టుదొంగలని ముద్ర వేశారు. సాల్వేషన్ ఆర్మీ ఆధ్వర్యంలో బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటు ఏర్పడింది ఆ రోజుల్లోనే. దొంగ ఎవరో చెప్పమని గృహస్థులు ఎవరిని అడిగేవారో, ఆమె తెగవారినే పోలీసులు రోజూ హాజరు వేయించుకునేవారు. 1952లో ఆ చట్టం పోయినా పేరు పోలేదు. 1991లో వచ్చిన ‘స్టువర్టుపురం పోలీస్ స్టేషన్’ సినిమా దర్శకుడు యండమూరి వీరేంద్రనాథ్. క్షుద్రశక్తుల నవలలకు తెలుగులో పెద్ద పేరు తెచ్చింది కూడా ఆయనే.

మాయల ఫకీరు నుంచి నేపాళ మాంత్రికుడి దాకా

మాంత్రికుడు తెలుగు కథల్లో పాత కాపు. మధిర సుబ్బన్న దీక్షితులు కూర్చిన ‘కాశీమజిలీ కథలు’ పన్నెండు సంపుటాల నిండా మంత్రాలు, మారురూపాలే. జంగం కథగా, బుర్రకథగా, సంతల్లో అమ్మే పుస్తకంగా అందరికీ తెలిసిన బాలనాగమ్మ కథలో మాంత్రికుడైన మాయల ఫకీరు రాణి బాలనాగమ్మను కుక్కగా మార్చి ఎత్తుకుపోతాడు. అతని ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉందన్న రహస్యం రాబట్టేది బంధనంలో ఉన్న బాలనాగమ్మే. సాహసం చేసేది ఆమె కొడుకు బాలవర్ధిరాజు. ఆచూకీ తీసినవారికి కాక కత్తి దూసినవారికి పేరు రావడం ఇక్కడి నుంచే మొదలైందనుకోవచ్చు. 1942లో జెమిని వారు దీన్ని సినిమాగా తీసినప్పుడు మాంత్రికుడిగా గోవిందరాజుల సుబ్బారావు, అతని ఉంపుడుగత్తె సంగుగా పుష్పవల్లి నటించారు. 1951లో ‘పాతాళ భైరవి’ వచ్చింది. అందులో నేపాళ మాంత్రికుడైన ఎస్.వి. రంగారావు పుట్టింది నూజివీడులో, తోటరాముడైన ఎన్.టి. రామారావు పుట్టింది నిమ్మకూరులో. ఇద్దరివీ అప్పటి కృష్ణా జిల్లా ఊళ్లే. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన సీరియళ్లు ఈ మాంత్రికులను పిల్లల చేతికి అందించాయి.

బెజవాడ అచ్చు, అద్దె పుస్తకం

1855 నాటికి పూర్తయిన కృష్ణా ఆనకట్ట డెల్టాకు నీళ్లిచ్చింది. నీళ్లు వరినిచ్చాయి, వరి డబ్బునిచ్చింది, డబ్బు చదువునిచ్చింది. బెజవాడ, అంటే నేటి విజయవాడ, రైల్వే కూడలి కావడంతో పుస్తకాల కట్టలు ఎటైనా వెళ్లగలిగాయి. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య చొరవతో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది ఈ ఊళ్లోనే. దేశభక్తి, విజ్ఞానం పంచాలని ఉద్యమకారులు పెట్టిన గ్రంథాలయాల్లో పాఠకులు అడిగి మరీ తీసుకెళ్లినవాటిలో బెంగాలీ నుంచి వచ్చిన అపరాధ పరిశోధక నవలలు ఉండేవి. పాంచ్‌కోడీ దే రచనలు ఆ దారినే తెలుగు పాఠకులకు పరిచయమయ్యాయి.

స్వాతంత్ర్యం తరువాత ఈ రకం పుస్తకానికి తెలుగు ముఖం ఇచ్చినవాడు కొమ్మూరి సాంబశివరావు. తెనాలిలో పుట్టిన ఈయన రచయిత చలానికి దగ్గరి బంధువు. ఈయన సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు 1950ల చివరి నుంచి ఇళ్లలో చుట్టాల పేర్లలా వినపడ్డారు. టెంపోరావు, విశ్వప్రసాద్, గిరిజశ్రీ భగవాన్, ఆ తరువాత ‘షాడో’ మధుబాబు ఆ బజారును పెంచారు. శ్మశానం, తలుపు చప్పుడు, తెల్లచీర ఆ నవలల్లో కావలసినన్ని ఉండేవి. మామూలు పద్ధతి ప్రకారం చివరికి దెయ్యం దెయ్యం కాదని, ఆస్తి కోసం ఎవరో కట్టిన వేషమని తేలేది. భయపెట్టి డబ్బు తీసుకుని, చివర్లో భయం అక్కర్లేదని చెప్పి పంపే నిజాయితీ ఆ రచయితలది.

పుస్తకం కొని చదివినవాళ్ల కన్నా అద్దెకు తెచ్చుకుని చదివినవాళ్లే ఎక్కువ. విజయవాడ వీధుల్లో, డెల్టా పట్టణాల్లో అద్దె పుస్తకాల షాపులు నడిచాయి. రోజుకు ఇన్ని పైసలని లెక్క, అట్ట చిరిగితే జరిమానా. ఇంకో వైపు బందరులో మొదలైన ఎం. శేషాచలం అండ్ కో, అంటే ఎమెస్కో, పాకెట్ పుస్తకాలతో నవలను మధ్యతరగతి ఇంటి బీరువాలోకి చేర్చింది. 1960లో విజయవాడ నుంచి ఆంధ్రజ్యోతి దినపత్రిక, 1970లో వేమూరి బలరామ్ సంపాదకత్వంలో స్వాతి మాసపత్రిక వచ్చాయి. 1984లో స్వాతి వారపత్రిక మొదలయ్యాక సస్పెన్స్ సీరియల్ వారం వారం తప్పనిసరి దినుసైంది.

ఇక్కడొక వింత ఉంది. 1960, 70 దశకాల్లో తెలుగు నవలను ఏలింది రచయిత్రులు. వారిలో అగ్రగణ్యురాలు యద్దనపూడి సులోచనారాణిది కృష్ణా జిల్లా కాజ గ్రామం. పురుషులు కూడా ఆడపేర్లతో రాసుకున్న కాలం అది. అయినా డిటెక్టివ్ నవల మగవాళ్ల చేతుల్లోనే ఉండిపోయింది. కుటుంబ నవలలో ప్రతి అత్తగారి ఎత్తూ పసిగట్టే కథానాయికకు నేర పరిశోధన అప్పగించాలన్న ఆలోచన ప్రచురణకర్తలకు తట్టినట్టు లేదు.

తులసిదళం, దాని చుట్టూ గొడవ

1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి ‘తులసిదళం’ ధారావాహికగా వచ్చింది. డబ్బు కోసం ఒక చిన్నపిల్ల మీద చేతబడి చేయించడం కథ. అంటే మూలంలో ఇది నేర కథే. ఉద్దేశం ఉంది, కుట్ర ఉంది, గడువు ఉంది, ఆ గడువులోగా కారణం కనుక్కోవడానికి పరుగెత్తే మనుషులు ఉన్నారు. పాత డిటెక్టివ్ నవలకూ దీనికీ తేడా ముగింపులో వచ్చింది. పిల్ల జబ్బుకు వైద్యపరమైన వివరణ ఒకటి, క్షుద్రశక్తి వివరణ ఒకటి రెండూ చివరి దాకా నడుస్తాయి. పాఠకుడు తనకు నచ్చింది తీసుకోవచ్చు. ఈ వీలే పుస్తకాన్ని అమ్మించింది, ఈ వీలే విమర్శకులకు కోపం తెప్పించింది. రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము!’ పేరుతో పుస్తకమే రాశారు. దీనికి కొనసాగింపుగా ‘తులసి’ వచ్చింది, రెండూ సినిమా దాకా వెళ్లాయి. విజయవాడ ఏలూరు రోడ్డులోని నవసాహితి బుక్ హౌస్ యండమూరి పుస్తకాలకు స్థిరమైన చిరునామా అయింది. ఆ విజయం చూసి మరెందరో పుర్రెలు, నిమ్మకాయలు, బాణామతి (చేతబడి) ముఖచిత్రాలతో నవలలు అచ్చొత్తించారు. వాటిలో చాలావరకు ఈ రోజు మళ్లీ చదవాలనిపించేవి కావు.

ఇదే విజయవాడలో, బెంజి సర్కిల్‌కు దగ్గరలోని పటమటలో నాస్తిక కేంద్రం ఉంది. నాస్తికవాది గోరా 1940లో ముదునూరులో దీన్ని ప్రారంభించి 1947లో ఇక్కడికి మార్చారు. నిప్పుల మీద నడవడానికి మహిమ అక్కర్లేదని జనం ముందు నడిచి చూపించడం వీరి కార్యక్రమాల్లో ఒకటి. 1980లలో మెదక్ ప్రాంతపు పల్లెల్లో బాణామతి భయాలు చెలరేగినప్పుడు ఈ కేంద్రం వాళ్లు అక్కడికి వెళ్లి పనిచేశారు. ఈ డెల్టాలో హేతువాదానికి తెనాలిలో త్రిపురనేని రామస్వామి చౌదరి అంతకు ముందే పునాది వేశారు. క్షుద్ర నవల, దాన్ని తూర్పారబట్టే కరపత్రం రెండూ ఇక్కడి ప్రెస్సుల నుంచే బయటికి వచ్చేవి. ఇది డెల్టా స్వభావానికి విరుద్ధమేమీ కాదు. వాదన లేకుండా ఇక్కడ టీ కూడా పూర్తికాదు.

ఇంగ్లీషు మంత్రగత్తె ఎందుకు వేరు

ఇంగ్లీషులో మంత్రగత్తె పరిశోధకురాలైన నవలలు కోజీ మిస్టరీ అనే రకంలోకి వస్తాయి. రక్తపాతం తెర వెనకే ఉంటుంది, ఊరు చిన్నది, పరిశోధించేది పోలీసు కాని మామూలు మనిషి. అగాథా క్రిస్టీ మిస్ మార్పుల్ తొలి నవల 1930లో వచ్చింది. అలాంటి కథలోకి మంత్రగత్తె రావడానికి ముందు సమాజంలో ఆమె మీద భయం పోవాల్సి వచ్చింది. బ్రిటన్ 1951లో పాత మంత్రవిద్యా చట్టాన్ని ఎత్తేసింది. 1954లో జెరాల్డ్ గార్డ్‌నర్ మంత్రవిద్యపై రాసిన పుస్తకం వచ్చాక అది కొందరికి మతమైంది. 1964లో అమెరికా టీవీలో ‘బివిచ్డ్’ సీరియల్ మంత్రగత్తెను పొరుగింటి గృహిణిని చేసింది. ఆ తరువాతే 2005లో షర్లీ డామ్స్‌గార్డ్, 2006లో మాడలిన్ ఆల్ట్, 2009లో జూలియెట్ బ్లాక్‌వెల్ తమ మంత్రగత్తె పరిశోధకులను తెచ్చారు. 2012లో బెయిలీ కేట్స్ కథానాయిక బేకరీలో మూలికలు కలిపిన రొట్టెలు అమ్ముతూ హత్యల గుట్టు విప్పుతుంది.

మన దేశంలో ఆ భయం పోలేదు. మంత్రగత్తె అన్న నింద వేసి స్త్రీలను కొట్టడాన్ని, చంపడాన్ని ఆపడానికి బీహార్ 1999లో, జార్ఖండ్ 2001లో, ఒడిశా 2013లో ప్రత్యేక చట్టాలు చేయాల్సి వచ్చింది. చేతబడి అనుమానంతో జరిగిన హత్యల వార్తలు తెలుగు పత్రికల్లోనూ అప్పుడప్పుడు కనిపిస్తూనే ఉంటాయి. పేపరులో మూడో పేజీ నేరవార్త అయిన మనిషిని సీరియల్లో సరదా కథానాయికను చేయడం రచయితకు కష్టమే. తెలుగులో ఈ శాఖ పుట్టకపోవడానికి ముఖ్య కారణం ఇదని చెప్పవచ్చు. ఊహాశక్తి తక్కువై కాదు.

సరదా పరిశోధన మాత్రం తెలుగులో లేకపోలేదు. మల్లాది వెంకటకృష్ణమూర్తి ‘చంటబ్బాయ్’లో డిటెక్టివ్ పాండురంగారావు హాస్యపు మనిషి. 1986లో జంధ్యాల దర్శకత్వంలో చిరంజీవి ఆ పాత్ర వేశారు. కోజీ మిస్టరీకి తెలుగులో అతి దగ్గరి చుట్టం ఇదే. 2019లో వచ్చిన ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ నెల్లూరు వీధుల్లో అదే దారిలో నడిచింది.

ఇటీవలి స్థితి

విజయవాడలో 1989లో మొదలైన పుస్తక మహోత్సవం ఏటా జనవరి తొలి రోజుల్లో జరుగుతుంది. పాత డిటెక్టివ్ నవలల పునర్ముద్రణలు అక్కడ దొరుకుతాయి. అద్దె షాపులు టీవీ సీరియళ్ల ధాటికి మూతపడ్డాయి. క్షుద్రశక్తుల కథ సినిమాలోకి మారి బలపడింది. 2023లో వచ్చిన ‘విరూపాక్ష’ రుద్రవనం అనే ఊళ్లో చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో ఒక జంటను ఊరివాళ్లు చంపడంతో మొదలవుతుంది. వరస చావుల వెనక ఉన్నదెవరో కనుక్కునేది బయటి నుంచి వచ్చిన యువకుడు. నింద పడ్డవారి వైపు నుంచి కథ కదలడం తెలుగుకు కొత్త, పరిశోధకుడు మగవాడు కావడం పాత. ప్రతిలిపి వంటి యాప్‌లలో తెలుగు రచయిత్రులు భయానక, సస్పెన్స్ సీరియళ్లు భాగాలు భాగాలుగా రాస్తున్నారు. ఒకప్పటిలా ప్రచురణకర్త దాకా వెళ్లాల్సిన అవసరం వీరికి లేదు.