గిన్నె మీద పేరు, పిస్తోలు మీద నంబరు

ఏది పోగుచేసేవాళ్ళకైనా మొదటి వస్తువు ముఖ్యం. పట్టుచీరలు కూడబెట్టే ఆవిణ్ణి అడగండి, పాత ఇత్తడి సామాను సేకరించే ఆవిణ్ణి అడగండి, మొదటిది ఎలా చేతికొచ్చిందో తీరిగ్గా కూర్చుని కథలా చెబుతుంది. మొదటిది సరిగ్గా కుదిరితే కన్ను తయారవుతుంది. కుదరకపోతే ఆ తరవాత కొన్నవన్నీ అటకెక్కుతాయి. ఇంతవరకూ మీకూ నాకూ పేచీ లేదు. కానీ ఆ వస్తువు పిస్తోలు అయితే?

నవ్వకండి. టెక్సస్‌లో ఉంటున్న మా మేనకోడలి భర్తకి పాత పిస్తోళ్ళు సేకరించాలని బుద్ధి పుట్టింది. "ఎలాగూ కొంటాడు అత్తయ్యా, ఆ కొనేదేదో చరిత్ర తెలిసి కొననీ. చవగ్గా వస్తుంది, గట్టిది, మొదటిదానికి బెరెట్టా 1934 మంచిదని స్నేహితులు చెప్పారట. నువ్వేమంటావు?" అని ఆ పిల్ల నన్నడిగింది. బెరెట్టా అన్న మాట వినగానే నా మనసు ఒక్క క్షణం ఆగింది. ఎందుకో తరవాత చెబుతాను.

మన దేశంలో ఈ ప్రశ్నే రాదు. 1959 నాటి ఆయుధాల చట్టాన్ని 2019లో సవరించాక, మామూలు మనిషి పేరున రెండు తుపాకులకి మించి ఉండకూడదు. తాతగారి నాటిదైనా లెక్కలోకే వస్తుంది. రెండిటితో సేకరణేమిటి? అమెరికాలో అలా కాదు. 1968లో వచ్చిన చట్టం సేకరించేవాళ్ళకంటూ ఒక ప్రత్యేకమైన లైసెన్సు పెట్టింది. అసలు రూపం చెడకుండా యాభై ఏళ్ళు దాటిన తుపాకులు ఆ కోవలోకి వస్తాయి.

సెమీ ఆటోమేటిక్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. మీట ఒకసారి నొక్కితే ఒక్కటే పేలుతుంది. అయితే పేలిన తూటా వెనక్కి తన్నే తన్ను ఉందే, ఆ బలమే పిస్తోలు పైభాగాన్ని వెనక్కి జరిపి ఖాళీ గొట్టాన్ని బయటికి విసిరేస్తుంది. స్ప్రింగు దాన్ని మళ్ళీ ముందుకి తోస్తే, వస్తూ వస్తూ కొత్త తూటాను తనతో తెచ్చుకుంటుంది. తూటాలు వరసగా పేర్చి ఉండే పెట్టెను మ్యాగజైన్ అంటారు. మీ చేతిలో ఉన్నదీ మ్యాగజైనే! రెండూ గోదాము అని అర్థమొచ్చే ఒకే అరబ్బీ మాట పిల్లలు.

ఈ తరహా పిస్తోలు గట్టిగా లోకం మీదికి వచ్చింది 1893లో. జర్మనీలో హ్యూగో బోర్కార్ట్ అనే ఆయన తయారుచేశాడు. పనిచేసేది గాని, చేతిలో కుదురుగా ఇమిడేది కాదు. జార్జ్ లూగర్ దాన్ని చక్కదిద్దాడు. 1900లో స్విస్ సైన్యం, 1904లో జర్మన్ నౌకాదళం, 1908లో జర్మన్ సైన్యం దాన్ని తీసుకున్నాయి. దాని తూటాకి పారాబెల్లమ్ అని పేరు. శాంతి కావాలంటే యుద్ధానికి సిద్ధపడమనే లాటిన్ సామెతలోంచి వచ్చిందది. సామెతలో శాంతి ముందుంది, పేరులోకి మాత్రం యుద్ధమే ఎక్కింది.

1896లో మౌజర్ కంపెనీ పిస్తోలు వచ్చింది. దాని పిడి చీపురుకట్ట పిడిలా ఉంటుందని దానికి ఆ పేరే పెట్టారు. దానికీ మన బొంబాయికీ ఓ చుట్టరికం ఉంది. అదే ఏడు చర్చిల్ కుర్ర సైనికాధికారిగా సాసూన్ డాక్‌లో దిగుతూ, గోడకున్న ఇనుప కడియం పట్టుకున్నాడు. పడవ కదిలేసరికి కుడి భుజం కీలు తప్పింది. ఆ భుజంతో కత్తి తిప్పడం ప్రమాదమని, 1898లో సూడాన్‌లోని ఒండుర్మన్ దగ్గర గుర్రం మీద శత్రువులలోకి దూసుకుపోతూ కత్తికి బదులు మౌజర్ పట్టాడు. కత్తి పట్టి ఉంటే తాను బతికేవాణ్ణి కాదేమోనన్న ఆలోచన ఆయనకే వచ్చింది. ఒక కడియం జారడం వల్ల ఎంత చరిత్ర ఇటూ అటూ అయ్యేదో!

అసలు మేధావి జాన్ మోజెస్ బ్రౌనింగ్. అమెరికాలోని యూటాలో 1855లో పుట్టాడు. తండ్రి తుపాకులు బాగుచేసేవాడు. ముగ్గురు భార్యలు, 22 మంది సంతానం. ఆ ఇంట్లో వంట ఎలా నడిచేదో నాకైతే ఊహకందదు. బ్రౌనింగ్ రూపొందించిన పిస్తోలును బెల్జియంలో లియేజ్ పక్కనున్న ఎఫ్.ఎన్. కర్మాగారం 1900లో తయారుచేసింది. అది ఎంతగా చెల్లిందంటే ఫ్రెంచివాళ్ళు పిస్తోలుకి 'బ్రౌనింగ్' అనే అనేవారు, మనం వనస్పతిని డాల్డా అన్నట్టు. అమెరికా సైన్యం కోసం ఆయన రూపొందించిన పిస్తోలు పరీక్షలో 6,000 తూటాలు పేల్చినా ఒక్కసారీ మొరాయించలేదు. 1911 నుంచి 1985 దాకా సైన్యం దాన్నే వాడింది. 1926లో లియేజ్ కర్మాగారంలోనే పనిబల్ల దగ్గర ఆయన ప్రాణం పోయింది.

సరే, కొనే సంగతికి వద్దాం. ఈ సేకరణలో ఉన్న నియమాలు మన వంటింట్లో ఉన్నవే. మరచెంబు మూత మీద ఒక పేరు, చెంబు మీద ఇంకో పేరు ఉంటే అది కలిపిన సరుకని ఇట్టే పోల్చుకోమూ? లూగర్ పిస్తోలుకి చిన్న చిన్న భాగాల మీద కూడా నంబరులోని చివరి రెండంకెలు కొట్టి ఉంటాయి. అన్నీ కలిస్తే ఒక ధర, కలవకపోతే ఇంకో ధర. పాత వెండి సామానుకి మెరుగు పెట్టిస్తే నగిషీ అరిగిపోతుంది చూడండి, పిస్తోలుకీ అంతే. కొత్తగా నీలిరంగు ఎక్కించి తళతళలాడిస్తే ముద్రల అంచులు మొద్దుబారతాయి, విలువ పడిపోతుంది. అరిగినా సరే, అసలుదే అసలు. అందుకే మొదటిసారి లూగర్ జోలికి పోవద్దంటారు. ఖరీదెక్కువ, అతుకులూ ఎక్కువ. లక్షల సంఖ్యలో తయారైన చిన్న పిస్తోలుతో కన్ను తయారుచేసుకోమంటారు.

ఇంకో నియమం ఉంది. "వస్తువును కొను, కథను కొనకు." ఇది ఫలానా సేనాని నడుమున ఉండేదండీ అని అమ్మేవాడు చెబితే నమ్మొద్దని. మంచి మాటే. కాని కథ నంబరులోనే ఉంటే ఏం చేస్తాం?

1914 జూన్ 28న సారయేవోలో 19 ఏళ్ళ గావ్రిలో ప్రిన్సిప్ ఆస్ట్రియా యువరాజునూ ఆయన భార్యనూ కాల్చి చంపింది బ్రౌనింగ్ 1910 పిస్తోలుతో. నంబరు 19074. పుంటిగామ్ అనే జెస్యూట్ మతగురువు దాన్ని దాచిపెట్టాడు. ఆ తరవాత ఏళ్ళ తరబడి అది ఆ మఠంవాళ్ళ దగ్గరే ఉండిపోయింది. 2004లో బయటపడి వియన్నాలోని సైనిక మ్యూజియం చేరింది. ఆ కాల్పుల తరవాత వచ్చిన యుద్ధానికి మన దేశం నుంచి 10 లక్షలకి పైగా సైనికులు సముద్రాలు దాటారు. 70 వేలకి పైగా తిరిగి రాలేదు.

ఇక బెరెట్టా. ఇటలీలో 1526 నుంచీ ఉన్న ఇంటిపేరది. 1934 నమూనా పిస్తోలు మీద సంవత్సరం పక్కనే రోమన్ అంకె ఒకటి ఉంటుంది. మనం ప్రభవ, విభవ అని వేసుకున్నట్టు ముసొలీనీ ప్రభుత్వం 1922 నుంచి తన శకాన్ని తానే లెక్కపెట్టుకుంది. సైన్యం కోసం కుప్పలుగా తయారైన ఆ పిస్తోళ్ళలో ఒకటి గ్వాలియర్‌లో చేతులు మారింది. 1948 జనవరి 30న ఢిల్లీ బిర్లా భవనంలో ప్రార్థనకి నడిచి వెళుతున్న గాంధీగారి మీద అది మూడుసార్లు పేలింది. నంబరు 606824. ఎర్రకోటలో జరిగిన విచారణ కాగితాల్లో ఆ నంబరు ఉంది. నా మనసు ఆగింది అందుకే.

ఇనుముకి పాపం అంటదు, నిజమే. అదే నమూనావి తక్కినవి ఏం చేశాయో ఎవరికెరుక? చాలావరకూ ఏ సిపాయి నడుమునో ఊరికే వేలాడి ఉంటాయి. కాని ఒక తెలుగు ఇంట్లోకి మొదటి పిస్తోలుగా ఆ నమూనానే రావాలా? వస్తే, కనీసం తెలిసి రావాలి. టెక్సస్ స్నేహితుల సలహాలో ధర ఉంది, దారుఢ్యం ఉంది, ఈ ముక్క లేదు.

నన్నడిగితే బ్రౌనింగ్ 1922 తీసుకొమ్మన్నాను. యుద్ధం ముగిశాక సెర్బులూ క్రొయేట్లూ స్లొవీన్లూ కలిసి ఏర్పరుచుకున్న రాజ్యం తన సైన్యం కోసం పాత 1910 పిస్తోలునే కాస్త పొడుగ్గా, ఇంకాసిని తూటాలు పట్టేలా చేసిమ్మంది. అలా పుట్టిందిది. ఆ తరవాత యూరప్‌లో ఎన్నో దేశాల సైన్యాలూ పోలీసులూ వాడారు. కాబట్టి అరుదూ కాదు, అంత ప్రియమూ కాదు. ముద్రలు చదవడం నేర్పుతుంది. 1940లో జర్మన్లు బెల్జియాన్ని ఆక్రమించి, అదే కర్మాగారంలో 3 లక్షలకి పైగా చేయించుకున్నారు. వాటి మీద గద్ద ముద్ర ఉంటుంది. విచిత్రమేమిటంటే ఆ గద్ద ఉంటేనే కొందరు ఎక్కువిచ్చి కొంటారు. అందుకని దొంగ గద్దలు కొట్టి అమ్మేవాళ్ళూ తయారయ్యారు! గద్ద లేనిదే చూసి తీసుకొమ్మన్నాను. సారయేవో పిస్తోలు వంశమేగా ఇదీ అంటారేమో. అవును. ఏ మచ్చా లేని పిస్తోలు వంశం వెతికితే దొరకదు. ఇంట్లో పిల్ల "ఇదేమిటి నాన్నా?" అని అడిగినప్పుడు మొదటినుంచి చివరిదాకా తడబడకుండా చెప్పగలిగినది కొనుక్కోవాలి. గద్ద ముద్ర గురించి పిల్లకి చెప్పే ఓపిక లేనివాడు గద్దను కొనకూడదు. అంతే నా లెక్క.

మన అమ్మమ్మలు గిన్నెల మీద పేరుతోపాటు తేదీ కూడా కొట్టించేవారు, ఫలానా పెళ్ళికి ఫలానావారు ఇచ్చినదని. ఆ గిన్నెలో పరమాన్నం వండినా, చద్దన్నం పెట్టినా ఆ పేరు చూసినప్పుడల్లా ఆ మనిషి గుర్తొచ్చేది. పిస్తోలు మీది నంబరు ఎవరినీ గుర్తుచెయ్యాలని కొట్టింది కాదు, కర్మాగారం లెక్క కోసం కొట్టింది. అయినా మనుషులు దాంతో చేసిన పని ఆ నంబరుకే అంటుకుపోయింది. అందుకని కొనేవాళ్ళు నంబరు చదవాలి, ముద్ర చదవాలి, ఆ పైన చరిత్ర చదవాలి. చదివాక తూటాలు లేకుండా ఇనప్పెట్టెలో పెట్టి తాళం వెయ్యాలి. ఆ తాళంచెవి మాత్రం ఇల్లాలి దగ్గరుంటేనే మంచిది.